గొడ్ల కొట్టంలో ఉండిపోయిన 1968 జావా: ముందు నడిపించాలా, ముస్తాబు చేయాలా?

ప్రశ్న: యలహంక_వాసి

అందరికీ నమస్కారం. మాది హిందూపురం దగ్గరి పల్లె, ఉద్యోగరీత్యా బెంగళూరులో స్థిరపడ్డాను. మా తాతగారు 1968లో కొన్న జావా 250 బండి ఆయన పోయిన తర్వాత ఏళ్ల తరబడి గొడ్ల కొట్టంలో, వేరుశనగ పొట్టు బస్తాల వెనుక ఉండిపోయింది. పోయిన నెలలో దాన్ని మినీ లారీలో ఇక్కడికి తెప్పించాను. ఇంజన్ పట్టేసింది, ట్యాంకులో తుప్పు ఉంది, వైర్లను ఎలుకలు కొరికేశాయి, ఒక సైలెన్సర్ గొట్టంలో కందిరీగలు మట్టితో గూడు కట్టుకున్నాయి. అయినా ట్యాంకు మీది మెరూన్ రంగు, చేత్తో గీసిన బంగారు గీతలు చాలావరకు నిలిచే ఉన్నాయి. మా పేటలోని మెకానిక్కు ఒకాయన చూసి, మొత్తం విప్పేసి, కొత్త ట్యాంకు, కొత్త రంగు, మరో బండి ఇంజన్ వేసి షోరూం బండిలా చేసి ఇస్తానంటున్నాడు. నాకు మాత్రం సెలవు రోజుల్లో నా చేతులతో నేనే చేసుకోవాలని ఉంది. ఆర్‌సీ పుస్తకం తాతగారి పేరునే ఉంది, గడువు ఎప్పుడో తీరిపోయింది. ఎక్కడ మొదలుపెట్టాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు: బసవనగుడి_పాతబండి

మీరు స్పానరు పట్టుకునే ముందు ఆర్‌సీ పుస్తకం పట్టుకోండి. ఇంజన్ నేడు కాకపోతే రేపు తిరుగుతుంది గానీ, కాగితాలు లేని బండి ఎంత అందంగా తయారైనా ఇంటి ముందు బొమ్మగానే మిగులుతుంది. ముందుగా ఇంజన్ మీద, ఫ్రేము మీద చెక్కిన నంబర్లను కిరోసిన్ గుడ్డతో తుడిచి, పుస్తకంలోని వాటితో అక్షరం అక్షరం సరిచూడండి. తుప్పు పోవాలని అక్కడ ఎమరీ కాగితంతో రుద్దవద్దు, అంకె చెరిగితే మళ్లీ రాదు. మరో బండి ఇంజన్ వేస్తానన్న మాటకు మీరు ఒప్పుకోకూడదనడానికి మొదటి కారణం కూడా ఇదే.

ఆ తర్వాత రవాణా శాఖ సంగతి. 1968 నాటి రిజిస్ట్రేషన్లు చేతిరాత పుస్తకాల్లో ఉంటాయి, వాటిలో చాలా భాగం కంప్యూటర్లోకి ఎక్కలేదు. మీ ఊరు 2022లో శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లినా, ఆనాటి రికార్డు కోసం ముందుగా అడగవలసింది అనంతపురం కార్యాలయంలోనే. అక్కడ బ్యాక్‌లాగ్ ఎంట్రీ (పాత రికార్డును కంప్యూటర్లోకి ఎక్కించడం) చేయించి, మరణ ధ్రువపత్రం, వారసుల అంగీకారం జతచేసి, ఫారం 31 మీద బండిని మీ పేరుకు మార్పించుకోండి. అత్తలూ బాబాయిలూ ఎక్కువమంది ఉంటే సంతకాలు ఇప్పుడే తీసుకోవడం మంచిది, బండి మెరవడం మొదలుపెట్టాక అందరికీ దాని మీద ప్రేమ పుట్టుకొస్తుంది.

అక్కడినుంచి మీకు రెండు దారులున్నాయి. ఒకటి మామూలు దారి: ఫారం 25తో ఆర్‌సీని అయిదేళ్లకు పునరుద్ధరించుకుని, ఆంధ్రప్రదేశ్ నుంచి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చి, ఇక్కడ పన్ను కట్టి కేఏ నంబరు తీసుకోవడం. రెండోది, 2021 జూలైలో కేంద్రం మోటారు వాహనాల నిబంధనల్లో చేర్చిన వింటేజ్ దారి. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి యాభై ఏళ్లు దాటి, చాసిస్‌లో గానీ ఇంజన్‌లో గానీ పెద్ద మార్పులేవీ జరగని సొంత బండ్లు దీని కిందికి వస్తాయి. కొత్తగా నంబరిస్తే అందులో ‘వీఏ’ అనే అక్షరాలుంటాయి, ఇదివరకే రిజిస్టరైన బండి పాత నంబరునే ఉంచుకోవచ్చు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పునరుద్ధరణకు 5,000 అని ఆ నిబంధనల్లో పెట్టారు, చెల్లుబాటు పదేళ్లు. అయితే ఆ బండిని రోజువారీ అవసరాలకు వాడకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతుకు తీసుకెళ్లవచ్చు. ఆదివారం పొద్దున నంది హిల్స్‌కు వెళ్లాలన్నదే మీ కోరిక అయితే మామూలు దారే మేలు. తాతగారి నంబరే ముఖ్యమనుకుంటే రెండోది.

జవాబు: రెండుస్ట్రోకుల_రెడ్డి

కాగితాల గురించి పైన చెప్పినదానికి నేను కలపవలసిందేమీ లేదు, ఇంజన్ గురించి చెబుతాను. పట్టేసిన ఇంజన్‌ను దయచేసి కిక్ కొట్టవద్దు. తుప్పుతో గోడకు అంటుకున్న పిస్టన్ రింగు బలవంతంగా కదిలితే విరిగి పోర్టులో (సిలిండరు గోడలోని రంధ్రంలో) చిక్కుకుంటుంది, లేదా కిక్కరు పళ్లు పోతాయి. జావాలో కిక్కరూ గేరు రాడ్డూ ఒకటే కాబట్టి ఆ నష్టం రెండింతలు. స్పార్క్ ప్లగ్గు తీసి, డీజిలూ పలుచటి నూనే కలిపి ఆ రంధ్రంలో పోసి కొన్నాళ్లు వదిలేయండి. తర్వాత టాప్ గేరులో వేసి, వెనుక చక్రాన్ని చేత్తో ముందుకూ వెనక్కూ వెంట్రుకవాసి చొప్పున కదపండి. మొదట ఏమీ జరగదు. ఒకరోజు చక్రంలో చిన్న మెత్తదనం తగులుతుంది, అప్పుడు కూడా ఆగి, మళ్లీ నూనె పోసి మర్నాటికి వాయిదా వేయండి. పిస్టన్ పూర్తిగా వదిలాక హెడ్డూ సిలిండరూ విప్పి, గోడ మీద గుంటలుంటే రీబోర్ చేయించి (లోపలి గోడను కాస్త తొలిపించి), దానికి తగ్గ ఓవర్‌సైజు పిస్టన్ వేసుకోవచ్చు.

సిలిండరు శుభ్రంగా కనిపించినా క్రాంక్ ఆయిల్ సీళ్లు మార్చకుండా బండి స్టార్ట్ చేయకండి. రెండు స్ట్రోకుల ఇంజన్‌లో క్రాంక్‌కేసే, అంటే పిస్టన్ కింద క్రాంక్ తిరిగే గదే, పంపులా పనిచేస్తుంది. సీలు ఎండి గట్టిపడితే బయటి గాలి లోపలికి వచ్చి మిశ్రమం పలుచబడి, ఇంజన్ వేడెక్కి, మీరు ఇంత కష్టపడి వదిలించిన పిస్టన్ మళ్లీ పట్టేస్తుంది. ప్రైమరీ చైను వైపు సీలు పోతే అక్కడి నూనెను కూడా పీల్చుకుని వీధంతా తెల్లటి పొగతో నింపుతుంది. ఈ సీళ్లు బెంగళూరు జె.సి. రోడ్డు దుకాణాల్లో అడిగితే దొరుకుతాయి. మైసూరులో జావా కర్మాగారాన్ని 1961లో ప్రారంభించిన మైసూరు చివరి మహారాజు జయచామరాజేంద్ర ఒడెయరు పేరే ఆ రోడ్డుకూ ఉండటం మన అదృష్టమనుకోవాలి. కర్మాగారం 1996లో మూతపడినా, అదే కర్మాగారం తర్వాత తయారుచేసిన యెజ్డీ బండ్ల భాగాల్లో చాలావరకు ఈ బండికి సరిపోతాయి కాబట్టి విడిభాగాలకు కరువు లేదు.

ట్యాంకును పారేయవద్దు. ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న తుప్పు ద్రావణం పోసి, కొన్ని నట్లు వేసి కుదిపి, సోడా నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, లోపల 2టీ నూనె (రెండు స్ట్రోకుల ఇంజన్ నూనె) తిప్పండి. ఆమ్లం మూత దగ్గర ఒలికితే ఆ బంగారు గీతలు పోతాయి గనుక, ముందే ఆ చుట్టూ గ్రీజు పూసి గుడ్డ కట్టండి. ఇప్పటి పెట్రోలులో ఇరవై శాతం ఇథనాల్ ఉంటుంది, అది పాత రబ్బరును ఉబ్బిస్తుంది, తేమను పీల్చుకుంటుంది. అందుచేత పెట్రోలు పైపు, వాషర్లు కొత్తవి వేసి, బండి ఆపే ముందు ట్యాప్ మూసి కార్బరేటర్ ఖాళీ అయ్యేవరకు ఇంజన్ తిరగనివ్వండి.

జవాబు: పెరుంగళత్తూర్_హెరాల్డ్ (చెన్నై)

నాది కారు, 1960ల నాటి స్టాండర్డ్ హెరాల్డ్, మా పేటలోనే తయారైన బండి. రంగు విషయంలో ఒక్క మాట. నిలిచి ఉన్న పాత రంగును గీకించవద్దు. కొత్త రంగు ఎప్పుడైనా వేయించుకోవచ్చు, తాతగారి మోకాళ్లకు అరిగిన ఆ చోటును మాత్రం ఏ పెయింటరూ వేయలేడు. మెత్తటి పాలిష్‌తో తుడిచి, పైన మైనం పూయండి చాలు. నేను పుదుపేటలో విడిభాగాల కోసం తిరిగేటప్పుడు, షోరూం మెరుపు కోసం ఒరిజినల్ భాగాలు తీసి అమ్మేసినవాళ్లు మళ్లీ అవే భాగాల కోసం బేరమాడటం చాలాసార్లు చూశాను.

ఇంకొకటి: ఈ బండి బాగుపడ్డాక మీ చూపు కార్ల మీదికి పోతుంది, అందరికీ పోతుంది. అప్పుడు విడి చాసిస్ ఉన్న హెరాల్డ్ వంటిది చూడండి. బాడీ వేరుగా, ఫ్రేము వేరుగా ఉంటాయి కాబట్టి తుప్పు ఎక్కడుందో తెలుస్తుంది. ఫియట్ 1100లో బాడీయే ఫ్రేము, తలుపుల కింది రేకు లోపల తుప్పు పడితే పైరంగు ఎంత మెరిసినా కారు నడుము విరిగినట్టే.

యలహంక_వాసి

అందరికీ ధన్యవాదాలు. మెకానిక్కుకు వద్దని చెప్పేశాను. వచ్చే వారం మా బాబాయిగారితో కలిసి అనంతపురం వెళ్తున్నాను. ఒక్క సందేహం: వైరింగ్ ఎలాగూ కొత్తది వేయాలి కదా, 6 వోల్టులనుంచి 12కు మార్చేయమంటారా?

రెండుస్ట్రోకుల_రెడ్డి

మార్చవద్దండీ. 6 వోల్టుల మీద లైటు మసకగా ఉందంటే తొంభై పాళ్లు అది ఎర్త్ లోపమే. ఎర్త్ వైరు ఫ్రేముకు బిగించే చోట తుప్పూ రంగూ గీకి, లోహం కనిపించాక బిగించి, పైన కాస్త వాజలిన్ పూయండి. డైనమో బ్రష్షులు మార్చి, మంచి 6 వోల్టుల బ్యాటరీ వేయండి. వైర్లు పాతవాటి కంటే ఒక సైజు లావుగా తీసుకోండి.