స్కూల్ నుంచి రాగానే తల గోడకేసి కొట్టుకుంటున్నాడు, ఏం చేయాలో చెప్పండి

చిన్నూ_వాళ్ళమ్మ:
అందరికీ నమస్తే. మా బాబుకి 7 ఏళ్ళు, ఆటిజం, మాటలు ఒక పది పదిహేను వస్తాయి అంతే, అవి కూడా మూడ్ బాగుంటేనే. రెండు నెలల నుంచి స్కూల్ నుంచి వచ్చాక రోజూ ఇదే గొడవ. గుమ్మం దాటి లోపలికి రాగానే ఒక షూ విప్పుతాడు, రెండోది విప్పకుండానే కింద కూలబడి తల గోడకేసి కొట్టుకుంటాడు, ఆపబోతే నా చెయ్యి కొరుకుతాడు. టీచర్ని అడిగితే ఇక్కడ చాలా బుద్ధిగా ఉంటాడండీ ఏ ప్రాబ్లమ్ లేదు అంటారు. మా అత్తగారేమో నువ్వే గారాబం చేసి చెడగొట్టావ్, ఒక్కటిస్తే అన్నీ మానేస్తాడు అంటారు. నిన్న నిజంగానే ఒక్కటిచ్చాను. వాడు ఏడవలేదు, నా చెయ్యే పట్టుకుని మళ్ళీ వాడి తలకేసి కొట్టుకున్నాడు. రాత్రంతా నిద్ర పట్టలేదు. ఇది మొండితనమా ఇంకేమన్నానా, వీడియోలు చూసే టాబ్లెట్ చేతికిస్తే ఆగుతున్నాడు కానీ అలా ఇవ్వొచ్చా, మందులేమన్నా వాడాలా, తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

పాప_నాన్న:
అమ్మా, కొట్టినందుకు కుమిలిపోకండి, ఇక్కడున్నవాళ్ళలో చెయ్యెత్తని వాళ్ళు తక్కువే, నేనూ ఎత్తినవాణ్ణే. రెండు నెలల నుంచే అంటున్నారు కదా, ముందు నొప్పేమన్నా ఉందేమో చూపించండి. మా పాప కూడా ఇలాగే ఉన్నట్టుండి దవడ మీద పిడికిలితో గుద్దుకోవడం మొదలెట్టింది, మేమేమో బిహేవియర్ అనుకుని థెరపీ గంటలు పెంచుకుంటూ పోయాం, తీరా చూస్తే వెనకాల పన్ను పుచ్చిపోయి చీము పట్టింది. పన్ను సంగతి తేలాక గుద్దుకోవడం పోయింది. చెప్పుకోలేని పిల్లలకి పన్నునొప్పి, చెవిపోటు, మోషన్ సరిగ్గా అవ్వకపోవడం, నిద్ర చాలకపోవడం ఇవన్నీ ఇలాగే బయటికొస్తాయి. ఆ వయసులో వెనకాల పర్మనెంట్ దంతాలు కూడా వస్తుంటాయి, మర్చిపోకండి.

స్పెషల్_టీచర్_11ఏళ్ళు:
పైన అన్నయ్య చెప్పింది ముందు చెయ్యండి. గట్టిగా దెబ్బ తగిలి వాంతులైనా మగతగా ఉన్నా ఆలోచించకుండా హాస్పిటల్‌కి తీసుకెళ్ళండి.

ఇక మొండితనం సంగతి. కావల్సింది దొరకగానే ఆగిపోయే ఏడుపు, మధ్యలో మనం చూస్తున్నామా లేదా అని ఓరకంట చూసే ఏడుపు వేరు. మెల్ట్‌డౌన్ వేరు, అంటే తట్టుకోలేక అదుపు తప్పిపోవడం, అందులో వాడి చేతుల్లో ఏమీ ఉండదు. మీరు చెప్పినదాన్నిబట్టి చూస్తే రోజంతా స్కూల్లో బిగబట్టుకుని, ఇక పర్లేదు అనుకున్న చోట వదిలేస్తున్నాడనిపిస్తోంది. టీచర్లు "మా దగ్గర బుద్ధిగా ఉంటాడు" అంటే తల్లికి ఎలా ఉంటుందో నాకు తెలుసు, నేనూ ఒకప్పుడు అదే మాట అనేదాన్ని, ఇప్పుడు అనను.

ఆ టైమ్‌లో మాటలు ఆపేయండి. "ఏమైంది నాన్నా, వద్దు నాన్నా" అన్నా వాడికి అది ఇంకో శబ్దమే. చేతులు పట్టి అదిమితే ఇంకా పెరుగుతుంది, దానికి బదులు తలకీ గోడకీ మధ్య దిండు పెట్టండి, లైట్ తీసేయండి, పక్కన ఊరికే కూర్చోండి. ఏడుపు ఆగింది కదా అని వెంటనే హోంవర్క్ అనకండి, ఒంట్లో అలజడి తగ్గడానికి ఇంకా చాలాసేపు పడుతుంది.

టాబ్లెట్ విషయానికొస్తే, కొట్టుకున్నాక ఇస్తే కొట్టుకోవడమే టాబ్లెట్ అడిగే పద్ధతి అయిపోతుంది. అలాగని రేపట్నుంచి ఠక్కున మానేయకండి, తగ్గేముందు ఒకసారి బాగా పెరుగుతుంది, అప్పుడు భయపడి ఇచ్చేస్తే ఇంకా గట్టిగా కొట్టుకుంటే వస్తుంది అని నేర్చుకుంటాడు. ఇంట్లోకి రాగానే, ఏదీ మొదలవ్వకముందే, టాబ్లెట్ బొమ్మ ఉన్న ఒక కార్డు చేతిలో పెట్టి, అది మీకిస్తే టాబ్లెట్ ఇవ్వండి. కార్డుల పద్ధతి 1985లో వచ్చింది, పెక్స్ అంటారు. అదే ఏడాది కార్, డ్యూరాండ్ అనే ఇద్దరు పరిశోధకులు, కొట్టడం అరవడం చేసే పిల్లలకి దాని బదులు అడగడం నేర్పిస్తే ఆ గొడవ తగ్గుతుందని చూపించారు. మావాళ్ళందరం ఇప్పటికీ దాని మీదే పని చేస్తున్నాం.

ఒక వారం నోట్‌బుక్‌లో రాయండి, మొదలయ్యే ముందు ఏం జరిగింది, వాడేం చేశాడు, తర్వాత మీరేం చేశారు. జరగని రోజు కూడా రాయండి, అసలు విషయం ఆ రోజే దొరుకుతుంది.

నిశ్శబ్దం99:
మందులు మాత్రం వద్దు సిస్టర్, పిల్లలు బొమ్మల్లా అయిపోతారు.

పాప_నాన్న:
అలా ఒక్క మాటలో తీసేయకండి బ్రదర్. అమెరికాలో ఆటిజం ఉన్న పిల్లల్లో ఇలాంటి తీవ్రమైన చిరాకుకి రిస్పెరిడోన్ అనే మందుని 2006లో, అరిపిప్రజోల్ అనే మందుని 2009లో ఆమోదించారు, ఆటిజాన్ని తగ్గించడానికి కాదు, ఈ కొట్టుకోవడం కొరకడం లాంటివాటికి. బరువు పెరుగుతారు, ఆకలి పెరుగుతుంది, డాక్టర్ చూస్తూ ఉండాలి. మాకు అవసరం పడలేదు, కొందరికి పడుతుంది. నొప్పీ కారణం చూడకుండా మందుకి పోవద్దు అంటే మాత్రం ఒప్పుకుంటా.

చిన్నూ_వాళ్ళమ్మ:
వారం రాశానండి. ఆరు రోజుల్లో నాలుగు రోజులు జరిగింది. జరగని రెండు రోజులూ వాళ్ళ నాన్న బైక్ మీద తీసుకొచ్చారు! రెండు నెలల క్రితమే బస్ మార్చారు, ఇప్పుడు వీడే చివర దిగేది, ముందు సీట్లో ఇంజన్ పక్కన కూర్చోబెడుతున్నారంట. నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. సీటు మార్చమని అడిగాం, రేపట్నుంచి మారుస్తామన్నారు. పళ్ళ డాక్టర్ దగ్గరికి సోమవారం వెళ్తున్నాం. కార్డు రెండుసార్లు ఇచ్చాడు, మూడోసారి నమిలేశాడు. బస్ శబ్దం తగ్గడానికి హెడ్‌ఫోన్స్ కొన్నాం కానీ పెట్టగానే పీకేస్తున్నాడు, ఎలా అలవాటు చేయాలి?

స్పెషల్_టీచర్_11ఏళ్ళు:
బస్‌లో మొదలెట్టకండి. ఇంట్లో, వాడికిష్టమైన వీడియో చూస్తున్నప్పుడు పది సెకన్లు పెట్టి, వాడు పీకకముందే మీరే తీసేయండి. రోజూ కొంచెం పెంచండి. ముందు మీరు పెట్టుకుని వాడి ముందు తిరగండి, వాడే వచ్చి మీ తల మీంచి లాక్కుంటే ఇంకా మంచిది. కార్డుకి లామినేషన్ చేయించండి, నమిలినా ఉంటుంది.