హేబర్ సరే, మరి బాష్ చేసిందేమిటి?

ఫైనల్‌ఇయర్_కెమికల్:
అన్నలకు, సార్లకు నమస్తే. వచ్చే వారం నా సెమినార్. టాపిక్ కార్ల్ బాష్, అంటే గాలిలోని నైట్రోజన్‌తో అమ్మోనియా చేసే హేబర్-బాష్ పద్ధతిలోని రెండో పేరు. మా సార్ ముందే హెచ్చరించారు: "సమీకరణం రాసి, 200 అట్మాస్ఫియర్ల ఒత్తిడి, ఇనుము ఉత్ప్రేరకం అంటూ ఇంటర్ పాఠం అప్పజెప్పావంటే మధ్యలోనే కూర్చోబెట్టేస్తా. ఆ మనిషి ఏం చేశాడో చెప్పు" అని. ఎక్కడ వెతికినా "హేబర్ కనిపెట్టాడు, బాష్ దాన్ని ఫ్యాక్టరీ స్థాయికి తెచ్చాడు" అన్న ఒక్క వాక్యమే దొరుకుతోంది. ఫ్యాక్టరీ స్థాయి అంటే చిన్న గొట్టం తీసి పెద్ద గొట్టం పెట్టడమేనా? దానికి నోబెల్ ఇస్తారా? ఇంకోటి, ఆయన కెమిస్టా, ఇంజనీరా? ఒక్కోచోట ఒక్కోలా రాశారు. కాస్త టెన్షన్‌గా ఉంది, ఎవరైనా చెప్పండి.

పాత_అమ్మోనియా:
తమ్ముడూ, నేను అమ్మోనియా ప్లాంటులో ఉద్యోగంలో చేరి అక్కడే రిటైరైనవాణ్ణి. మా కంట్రోల్ రూములో హేబర్ పేరు ఎత్తిన మనిషి లేడు. కన్వర్టర్ (అమ్మోనియా తయారయ్యే పాత్ర), షిఫ్ట్, సింథసిస్ లూప్, పొద్దస్తమానం ఇవే మాటలు. బాష్ అడిగిన ప్రశ్నలకు జవాబులే మేం జీతం తీసుకుని నడిపిన ఆ యంత్రాలన్నీ. అందుకే నీ ప్రశ్న చూసి ఊరుకోలేకపోయాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

ఆయన 1874లో కొలోన్‌లో పుట్టాడు. తండ్రిది గ్యాసు, నీళ్ళ గొట్టాల సామాన్ల వ్యాపారం. డ్రిల్లింగ్ మిషన్ల మీద కనిపించే బాష్ పేరు ఉందే, ఆ కంపెనీ పెట్టిన రాబర్ట్ బాష్ ఈయనకు బాబాయి. కార్ల్ మొదట ఇనుప కర్మాగారంలో వర్క్‌షాపు పని నేర్చుకున్నాడు, తర్వాత బెర్లిన్ దగ్గర షార్లొటెన్‌బర్గ్‌లో మెటలర్జీ (లోహాల శాస్త్రం), మెకానికల్ చదివాడు, ఆ తర్వాతే లైప్‌జిగ్ వెళ్ళి కెమిస్ట్రీలో డాక్టరేట్ చేశాడు. 1899లో లుడ్విగ్స్‌హాఫెన్‌లోని బీఏఎస్‌ఎఫ్ అనే రసాయన కంపెనీలో చేరాడు. కెమిస్టా, ఇంజనీరా అన్నావుగా. డిగ్రీ కెమిస్టుది, చేతులు ఫిట్టరువి. ఈ క్రమాన్ని సెమినార్‌లో తప్పక చెప్పు, ముందుముందు అక్కరకొస్తుంది.

చేరిన మరుసటి ఏడే ఒక చిక్కు పని నెత్తిన పడింది. విల్‌హెల్మ్ ఆస్ట్‌వాల్డ్ అంటే అప్పటికే రసాయన ప్రపంచంలో మహా పెద్ద తలకాయ. ఇనుము మీద నైట్రోజన్, హైడ్రోజన్ కలిపి అమ్మోనియా చేశానని, హక్కులు కొనుక్కోమని కంపెనీకి రాశాడు. సరిచూడమని కుర్ర బాష్‌కి ఇచ్చారు. బాష్ చూసి, ఈ అమ్మోనియా గాలిలోని నైట్రోజన్‌ది కాదు, ఇనుములో ముందే నైట్రైడ్ రూపంలో (ఇనుముతో కలిసిపోయిన నైట్రోజన్‌గా) ఉన్నదే బయటికొస్తోంది అని తేల్చాడు. ఆస్ట్‌వాల్డ్‌కి ఒళ్ళు మండింది, కానీ చివరికి దరఖాస్తు వెనక్కి తీసుకున్నాడు. పెద్దాయన మాట కాదనడానికి ఆ వయసులో గుండె ఉండాలి, దాంతోపాటు చేతిలో సరైన కొలతలూ ఉండాలి.

ఇక అసలు కథ. 1909 జులైలో కార్ల్స్‌రూయెలో హేబర్ తన పరికరం నడిపి చూపించాడు. బాష్, ఆయన సహచరుడు ఆల్విన్ మిట్టాష్ చూడ్డానికి వెళ్ళారు. సరిగ్గా ఆ రోజే ఒక జాయింటు కారింది, బాగుచేసేసరికి ఆలస్యమైంది, బాష్ వెళ్ళిపోయాడు. మిట్టాష్ ఉండిపోయి ద్రవ అమ్మోనియా చుక్కలు పడడం కళ్ళారా చూశాడు. టేబుల్ మీద పట్టే పరికరం అది. అందులో ఉత్ప్రేరకం, అంటే చర్యను వేగం చేసే పదార్థం, ఆస్మియం అనే అరుదైన లోహం. ప్రపంచంలో దొరికే ఆస్మియం అంతా కంపెనీ కొనేసినా ఒక మాదిరి ప్లాంటుకు చాలదు. దాంతో మిట్టాష్ బృందం వేల నమూనాలు పరీక్షించింది. స్వీడన్ నుంచి వచ్చిన మాగ్నటైట్ అనే ఒక ఇనుప ఖనిజం బాగా పనిచేసింది, ఎందుకా అని తవ్వితే కారణం దానిలోని మలినాలని తేలింది. ఇనుముకు అల్యూమినా, పొటాష్ లాంటివి కొద్దిగా కలపడం అక్కడ మొదలైందే. మా కన్వర్టర్‌లో నింపినదీ ఆ వంశంలోదే. ఇది మిట్టాష్ ఘనత, బాష్ ఖాతాలో వేయకు.

బాష్ ఖాతాలోది గొట్టం.

కార్బన్ స్టీలుతో కన్వర్టర్ గొట్టాలు చేసి, 200 అట్మాస్ఫియర్ల దగ్గర, 500 డిగ్రీలు దాటిన వేడిలో నడిపారు. దాదాపు 80 గంటలకు పగిలాయి. పరీక్షలు కాంక్రీటు గదుల్లో చేస్తున్నారు కాబట్టి సరిపోయింది. తర్వాత నోబెల్ ఉపన్యాసంలో ఆయనే అంటాడు, ఆ గొట్టాల్లో ఆస్మియం నింపి ఉంటే ప్రపంచంలోని నిల్వంతా ఎగిరిపోయేదని. నాకైతే ఆ మాటలో నవ్వుకంటే చెమటే కనిపిస్తుంది.

ఇంకొకరైతే మందం పెంచేవారు. బాష్ పగిలిన గొట్టాన్ని కోయించి, పాలిష్ చేయించి మైక్రోస్కోపు కింద పెట్టాడు. మెటలర్జీ చదువు ఇక్కడ పనికొచ్చింది. లోపలి అంచు నుంచి స్టీలులో కార్బన్ మాయమైంది. కార్బన్ పోతే ఇనుము మెత్తబడాలి కదా, ఇది మాత్రం పెళుసుగా విరుగుతోంది. సంగతేమిటంటే, వేడి మీద ఒత్తిడితో హైడ్రోజన్ స్టీలులోకి దూరిపోతుంది. లోపల కార్బన్‌తో కలిసి మీథేన్ అవుతుంది. హైడ్రోజన్ దూరిన సందుల్లోంచి మీథేన్ బయటికి రాలేదు. అక్కడే ఇరుక్కుని ఒత్తిడి పెంచి, రేణువుల మధ్య చీలికలు తెస్తుంది. మందం పెంచితే పగిలే రోజు కొంచెం వెనక్కి జరుగుతుంది, అంతే.

1911లో ఆయన తెచ్చిన ఉపాయం చూడు. గొట్టం ఒకటి కాదు, రెండు. లోపల కార్బన్ దాదాపు లేని మెత్తటి ఇనుముతో పలచటి తొడుగు. హైడ్రోజన్ అందులోకి దూరినా తినడానికి కార్బన్ లేదు. బయట ఒత్తిడి మోసే గట్టి స్టీలు. తొడుగు గుండా జారిన కొద్దిపాటి హైడ్రోజన్ బయటి స్టీలును పట్టుకోకుండా, ఆ స్టీలు నిండా సన్నటి రంధ్రాలు వేయించాడు. వాటిలోంచి గ్యాసు మామూలు గాలిలోకి పోతుంది. ఒత్తిడి తగ్గిపోయింది కాబట్టి స్టీలును ఏమీ చేయలేదు. వందల అట్మాస్ఫియర్లు ఆపాల్సిన పాత్రకు కావాలని రంధ్రాలు వేయాలన్న ఆలోచన ఎవరికొస్తుంది చెప్పు! హైడ్రోజన్‌ను ఆపలేం అని ముందు ఒప్పుకున్నవాడికే వస్తుంది.

మిగతావి త్వరగా చెప్తా. నైట్రోజన్ గాలిలో ఉంది, హైడ్రోజన్ ఎక్కణ్ణుంచి తేవాలి? ఎర్రగా కాలిన కోక్ మీద ఆవిరి పంపి వాటర్ గ్యాస్ తీశారు. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌ను ఇంకొంత ఆవిరితో కలిపి హైడ్రోజన్‌గా మార్చే షిఫ్ట్ పద్ధతిని బాష్, విల్‌హెల్మ్ విల్డ్ పారిశ్రామికంగా నిలబెట్టారు. కార్బన్ డయాక్సైడ్‌ను ఒత్తిడి మీద నీళ్ళతో కడిగారు, మిగిలిన కార్బన్ మోనాక్సైడ్‌ను రాగి ద్రావణంతో తీసేశారు. గాలి కంప్రెసర్‌లో గ్లాండు (కదిలే కడ్డీ చుట్టూ గ్యాసు కారకుండా పెట్టే బిగింపు) కొంచెం కారితే ఎవరూ పట్టించుకోరు, హైడ్రోజన్ కంప్రెసర్‌లో అది కుదరదు. గ్యాసు ఎంత స్వచ్ఛంగా ఉందో నడుస్తుండగానే చూపించే అనలైజర్లూ కావాల్సి వచ్చాయి. అన్నీ కుదిరి 1913 సెప్టెంబరులో లుడ్విగ్స్‌హాఫెన్ పక్కనే ఒప్పావ్‌లో కంపెనీ ప్లాంటు మొదలైంది. నోబెల్ 1931లో వచ్చింది, ఫ్రీడ్రిష్ బెర్గియస్‌తో కలిపి, అధిక పీడన పద్ధతులకు గాను. పెద్ద గొట్టానికే ఇచ్చారు తమ్ముడూ, కాకపోతే గొట్టం లోపల ఏముందో చూడాలి.

ఇన్‌స్పెక్షన్_అన్న:
సార్ బాగా చెప్పారు. నాది ఇన్‌స్పెక్షన్ పని కాబట్టి ఒక ముక్క కలుపుతా. బాష్ మైక్రోస్కోపు కింద చూసినదాన్ని ఇప్పుడు హై టెంపరేచర్ హైడ్రోజన్ అటాక్ అంటాం. ఏ స్టీలు ఎంత వేడిని, ఎంత హైడ్రోజన్ ఒత్తిడిని తట్టుకుంటుందో చెప్పే నెల్సన్ కర్వులు 1949లో వచ్చాయి. స్టీలుకు క్రోమియం, మాలిబ్డినం కలిపితే అవి కార్బన్‌ను గట్టిగా పట్టి ఉంచుతాయి, హైడ్రోజన్‌కు అంత తేలిగ్గా వదలవు. బాష్ కార్బన్‌ను దూరం పెట్టాడు, తర్వాతివాళ్ళు కట్టేశారు.

ఫైనల్ ఇయర్ తమ్ముడికి ఒక జాగ్రత్త. యూరియా రియాక్టర్ ఫొటో పెట్టి "ఇవే బాష్ రంధ్రాలు" అనకు. అక్కడా లోపల స్టెయిన్‌లెస్ లైనర్ (తొడుగు), బయటి షెల్‌కు వీప్ హోల్స్ అనే సన్నటి రంధ్రాలు ఉంటాయి, చూడ్డానికి ఒకేలా ఉంటాయి. కానీ వాటి పని లీకు పట్టివ్వడం. హోల్ నోటి దగ్గర తెల్లటి పొర గట్టిపడి కనిపించినా, అమ్మోనియా వాసన కొట్టినా లైనర్ చిల్లుపడిందని అర్థం, ప్లాంటు ఆపాల్సిందే. బాష్ రంధ్రాల్లోంచి గ్యాసు రావడం మామూలు సంగతి, వీప్ హోల్‌లోంచి వస్తే ప్రమాదం.

చరిత్ర_పిచ్చి:
అందరూ గొట్టం దగ్గరే ఆగిపోయారు. 1914లో యుద్ధం మొదలై చిలీ నుంచి సురేకారం రావడం ఆగిపోయాక, అమ్మోనియాను పేలుడు మందులకు కావాల్సిన నైట్రిక్ ఆమ్లంగా మార్చి ఇస్తామని జర్మనీ ప్రభుత్వానికి మాటిచ్చింది బాషే. 1915లో ఒప్పావ్‌లో అది మొదలైంది, 1917లో లాయ్నా ప్లాంటు తోడైంది. యుద్ధం అన్నేళ్ళు సాగడానికి ఈ ప్లాంట్లు ఊపిరి పోశాయి. 1925 నుంచి బాష్, జర్మన్ రసాయన కంపెనీలు కలిసి ఏర్పడిన ఐజీ ఫార్బెన్‌కు అధిపతి. 1933లో నాజీ ప్రభుత్వంతో కృత్రిమ పెట్రోలు ఒప్పందం మీద సంతకమూ ఆయనదే. ఇవి లేకుండా సెమినార్ ఇస్తే అది భజన అవుతుంది.

పాత_అమ్మోనియా:
కాదనను. అన్నీ చెప్పాల్సిందే. యూదు శాస్త్రవేత్తలను తరిమేయొద్దని నాజీలతో వాదించాడని కూడా చెప్పు, అయినా ఒప్పందం ఒప్పందమే. 1940లో పోయాడు.

నన్ను అంతకంటే వెంటాడేది 1921 సెప్టెంబరు 21. ఒప్పావ్‌లో అమ్మోనియం సల్ఫేట్, నైట్రేట్ కలిసిన ఎరువు గోదాములో రాయిలా గట్టిపడిపోయేది. దాన్ని వదులు చేయడానికి చిన్న చిన్న పేలుడు మందు పెట్టేవాళ్ళు. అంతకుముందు ఎన్నోసార్లు చేసిన పనే. ఆ రోజు ఎరువే పేలింది. 500 మందికి పైగా చనిపోయారు, ఊళ్ళో చాలా ఇళ్ళు నేలమట్టమయ్యాయి. గొట్టంలో కార్బన్ ఏమైందని మైక్రోస్కోపులో వెతికిన మనిషి కంపెనీలోనే, "ఎప్పుడూ చేస్తున్నదేగా" అన్న ధోరణి ఎలా చొరబడిందా అని ఆలోచిస్తుంటాను. ప్లాంటు మనుషులందరికీ ఆ మాట చెవిన పడే ఉంటుంది.

ఫైనల్‌ఇయర్_కెమికల్:
సార్, చాలా థాంక్స్. ఇన్‌స్పెక్షన్ అన్నా, యూరియా రియాక్టర్ ఫొటో నిజంగానే పెట్టబోయాను, తీసేస్తున్నా! ఒక్క డౌటు. ఇప్పటి కన్వర్టర్లలో కూడా ఆ రంధ్రాలు ఉంటాయా? మాది పెద్దపల్లి జిల్లా, రామగుండం ప్లాంటుతో పోల్చి చెబుదామని ఉంది.

పాత_అమ్మోనియా:
ఆ రూపంలో ఉండవు. ఇప్పుడు మంచి స్టీళ్ళు వచ్చాయి. పైగా వేడి ఉత్ప్రేరకాన్ని లోపల ఒక బుట్టలో పెట్టి, ఆ బుట్టకూ బయటి షెల్‌కూ మధ్య చల్లటి గ్యాసు పారిస్తారు. షెల్ ఒత్తిడి మోస్తుంది, వేడి చూడదు. లోపలి పొరకు ఒక పని, ఒత్తిడి మోసే బయటి పొరకు ఇంకో పని అని పంచడం మాత్రం బాష్ దగ్గర మొదలైందే.

పోలికకు అంకెలు ఇవి. ఒప్పావ్ మొదట రోజుకు 30 టన్నుల అమ్మోనియా లెక్కన కట్టారు. మీ రామగుండంలో 2021లో మొదలైన కొత్త ప్లాంటు రోజుకు 2,200 టన్నులది, సహజవాయువుతో నడిచేది. 1999లో మూతపడిన పాతది బొగ్గుతో నడిచింది, అంటే హైడ్రోజన్ తీసే పద్ధతిలో ఒప్పావ్‌కు అదే దగ్గర చుట్టం. పోల్చాలంటే దాంతో పోల్చు. బోర్డు మీద గొట్టం అడ్డుకోత బొమ్మ గీసి, రంధ్రాలు బయటి స్టీలుకే వేయి. లోపలి తొడుగుకు వేశావంటే మీ సార్ అక్కడే పట్టుకుంటాడు.