పాత జీపుకు లావు టైర్లా, సన్న టైర్లా?

హైహుడ్74 (కర్నూలు)

అందరికీ నమస్కారం. మా నాయన 1974 మహీంద్రా సీజే 3బీ మూడేళ్ళుగా షెడ్డులో పడి ఉంటే ఈ మధ్యే బయటికి తీశాను. పెట్రోల్ ఇంజిన్ పోయి 90ల్లోనే డీజిల్ ఇంజిన్ ఎక్కింది, కాబట్టి ఒరిజినల్ అని గొప్పలు చెప్పుకునే బండి కాదు. బాడీ పని, రంగు అయిపోయాయి. చక్రాల దగ్గర ఆగిపోయాను. ఉన్నవి 6.00-16 (వెడల్పు ఆరు అంగుళాలు, రిమ్ము పదహారు) సన్న టైర్లు, పాత ఇనుప డిస్కులు, అంటే రిమ్ములు. టైర్ల పక్కలు పగిలాయి, ఎలాగూ మార్చాలి.

మా బావమరిది 31 అంగుళాల ఎత్తు, పదిన్నర వెడల్పు ఉన్న మడ్ టైర్లు, ఎనిమిది అంగుళాల అలాయ్ రిమ్ములు వేయమంటాడు. జీపంటే రొమ్ము విరుచుకుని నిలబడాలంట. మా మెకానిక్ దగ్గర ఆ మాటెత్తితే చేతిలో పానా కింద పడేసి లోపలికి వెళ్ళిపోతాడు.

వాడకం ఇదీ: వారానికోసారి ఎమ్మిగనూరు మీదుగా ఆదోని దగ్గర పత్తి చేనుకు. చివరి మూడు కిలోమీటర్లు నల్లరేగడిలో బండ్లబాట. అప్పుడప్పుడూ 44వ నంబరు హైవే మీద అనంతపురం. ఏం వేయమంటారు?

బురదరాజా (నంద్యాల)

ఇందులో అడగాల్సిందేముంది అన్నా? 31 వేసేయ్. నా జీపుకు ఐదేళ్ళుగా అవే. టైరు లావుగా ఉంటే బరువు ఎక్కువ చోటు మీద పరుచుకుంటుంది, బురదలో దిగబడదు. గాలి 15 పౌండ్లకు దించావంటే బాతు కాలు లాగా పరుచుకుని పోతుంది. పైగా సీజే 3బీకి డిఫరెన్షియల్ రేషియో 5.38, అంటే చక్రం ఒక చుట్టు తిరగడానికి షాఫ్టు ఐదు చుట్లకు పైగా తిరగాలి. సన్న టైర్లతో హైవే మీద 60 దాటితే ఇంజిన్ అరుస్తుంది. ఎత్తు టైరు వేస్తే ఆ అరుపు తగ్గుతుంది. డబ్బులు దండగ కావు.

పెన్నాగట్టు (తాడిపత్రి)

బాతు కాలు పోలిక బాగుంది కానీ బాతు నల్లరేగడిలో నడిచినప్పుడు చూశావా తమ్ముడూ? ఇసుకకూ రేగడికీ తేడా ఉంది. పెన్నా ఇసుకలో లావు టైరు గొప్పదే, ఒప్పుకుంటా. రేగడి తడిస్తే ఉబ్బి బంక అవుతుంది. లావు టైరు గాడుల్లో ఆ బంక నిండిందంటే అది మడ్ టైరు కాదు, నున్నటి రోకలి. సన్న టైరయితే పైన ఉన్న జానెడు బంకను కోసుకుని కింద గట్టి నేలను పట్టుకుంటుంది. మన పెద్దోళ్ళు ఎద్దుల బండి చక్రాన్ని ఎత్తుగా, సన్నగా ఊరికే చేసుకోలేదు.

బురదరాజా (నంద్యాల)

మరి అదే బండికి రబ్బరు టైర్లు వచ్చాక ఇనుప పట్టా చక్రాన్ని మళ్ళీ ఎవరన్నా ముట్టుకున్నారా అన్నా? టైరు బండి వచ్చిన ఊళ్ళో పాత చక్రాలు గోడకు ఆనించేశారు. ఎద్దులకు లాగడం తేలికయింది కాబట్టే కదా?

పెన్నాగట్టు (తాడిపత్రి)

టైరు బండి గెలిచింది గట్టి బాట మీద. వానపడిన చేలో టైరు బండిని దించిన రైతును నాకు చూపించు. నాలుగు ఎద్దులు కట్టినా రాదు.

టేపుకొలత (అనంతపురం)

మీరిద్దరూ ఎద్దుల్ని కాసేపు విప్పండి. ముందు ఆ టైరు ఆ బండికి ఎక్కుతుందో లేదో చూద్దాం.

హైహుడ్ అన్నా, డబ్బులు కట్టకముందే టేపు పట్టు. నీ బ్రేకు డ్రమ్ము మీద ఐదు స్టడ్లు, అంటే చక్రం నట్లు బిగించే బోల్టులు, ఉంటాయి. పక్కపక్కనున్న రెండు స్టడ్ల మధ్య, నడుమ నుంచి నడుమకు కొలువు. 82 మిల్లీమీటర్లు వస్తే స్టడ్లన్నీ కూర్చున్న వలయం 139.7, అంటే ఐదున్నర అంగుళాలు. విల్లీస్ కాలం నుంచి జీపు కొలత అదే, మారుతి జిప్సీదీ అదే. నీ కొలత 67 దగ్గర వస్తే ఎవరో మధ్యలో యాక్సిల్ మార్చారని అర్థం, అప్పుడది 114.3. ఇంజిన్ మారిన బండిలో ఏదైనా మారి ఉండొచ్చు, అందుకే చెప్తున్నా. ‘జీపు రిమ్మే అన్నా, పడుతుంది’ అన్న మాట మీద కొన్నవాళ్ళ ఇళ్ళలో రిమ్ములు ఇప్పుడు పూలకుండీల కింద ఉన్నాయి.

తర్వాత నడిమి రంధ్రం. జీపు ముందు హబ్బు (చక్రం నడిమి బొడ్డు) రిమ్ములోంచి బయటికి పొడుచుకొస్తుంది. రంధ్రం చిన్నదైతే అలాయ్ ఎంత అందంగా ఉన్నా కూర్చోదు. లేత్‌లో తొలిపించొచ్చు అంటారు, సన్నటి అలాయ్‌కి ఆ పని చేయించకు.

ఇక అసలు గొడవ ఆఫ్‌సెట్, అంటే రిమ్ము ఎంత లోపలికి, ఎంత బయటికి కూర్చుంటుందనేది. ఎనిమిది అంగుళాల రిమ్ము లోపలికి ఎక్కువ ఉంటే స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు టైరు కమాన్ పట్టీలకు రాసుకుంటుంది. రాసుకోకుండా బయటికి జరిపితే, అంటే రిమ్ముకూ డ్రమ్ముకూ మధ్య స్పేసర్ బిళ్ళ వేసినా, బయటికి తోసిన రిమ్ము వేసినా, బండి బరువు పడే చోటు కింగ్‌పిన్‌కు (స్టీరింగ్ తిప్పితే చక్రం తిరిగే ఇరుసు), బేరింగ్‌కు దూరమవుతుంది. గుంటలో పడిన ప్రతిసారీ ఆ దెబ్బ స్టీరింగ్‌లో చేతికి తగులుతుంది. కింగ్‌పిన్ కాస్త వదులుగా ఉందా, 50 దగ్గర ముందు చక్రాలు రెండూ పూనకం వచ్చినట్టు ఊగుతాయి. డోన్ దాటాక ఒకసారి నా జీపు అలా ఊగింది. ఆ రోజు నుంచి టేపు లేకుండా షాపుకు పోను.

చిన్నపంక్చర్ (కడప)

నాదో చిన్న ఐడియా. వెనక 31, ముందు సన్నవి వేస్తే? స్టీరింగ్ తేలిక, వెనక చూడ్డానికి దిట్టం. అమెరికా పాత కార్లను అలాగే చేస్తారు కదా.

టేపుకొలత (అనంతపురం)

ఆ కార్లు వెనక చక్రాలతో మాత్రమే లాగుతాయి తమ్ముడూ. జీపులో ఫోర్ వీల్ వేశావంటే ముందు, వెనక షాఫ్టులు ఒకే వేగంతో తిరగాలి, మధ్యలో సర్దుకునే డిఫరెన్షియల్ లేదు. టైర్ల ఎత్తు వేరైతే ఒకటి రోజూ రెండోదాన్ని ఈడుస్తుంటుంది. బురదలో చక్రాలు జారి సర్దుకుంటాయి. గట్టి రోడ్డు మీద మరచిపోయి ఫోర్ వీల్‌లోనే నడిపావా, ముందు, వెనక షాఫ్టులకు శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేసు ఖర్చు నీదే. నాలుగూ ఒకే సైజు, ఒకే అరుగుదల. స్టెప్నీ కూడా అదే సైజు.

హైహుడ్74 (కర్నూలు)

కొలిచాను. 82 వచ్చింది, సంతోషం. కానీ ఎడమవైపు ముందు చక్రం విప్పించబోతే పెద్ద టెన్షన్ అయింది. పంక్చర్ షాపు పిల్లోడు గొట్టం వేసి, దాని మీద ఎక్కి నిలబడి తిప్పాడు. రెండు స్టడ్లు టక్కున విరిగాయి. తుప్పు పట్టాయా?

పెన్నాగట్టు (తాడిపత్రి)

తుప్పు కాదప్పా, ఉల్టా థ్రెడ్! పాత జీపులకు ఎడమవైపు మర తిరగేసి ఉంటుంది. చక్రం తిరిగే దిక్కుకు నట్టు వదులు కాకూడదని అప్పట్లో అలా పెట్టారు. స్టడ్ కొన మీద గుర్తు ఉంటుంది, మట్టి తుడిచి చూడు. ఈ కాలం పిల్లోళ్ళకు తెలియదు, గొట్టం వేసి ఇంకా బిగిస్తారు. మా ఇంట్లో జీపుకు ఎడమ మడ్‌గార్డు మీద ‘ఇటు తిప్పు’ అని బాణం గుర్తు రాయించాం. అలాయ్‌లు వేసేట్టయితే నట్టు కూర్చునే వాలు కూడా చూసుకో. ఇనుప డిస్కుకు సరిపోయిన పాత నట్టు అలాయ్‌లో సరిగా కూర్చోకపోవచ్చు. ఉల్టా మరలో అలాయ్ నట్లు దొరకడం గగనం. ఆ పక్క స్టడ్లన్నీ మార్చించే వాళ్ళూ ఉన్నారు.

ఆర్‌సీబుక్కు (కడప)

సరదా చెడగొడుతున్నా అనుకోకండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చూశారా? కంపెనీ చెప్పిన కొలతలకు భిన్నంగా బండిని మార్చడానికి వీల్లేదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణలో ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని రాశారు. పదిహేనేళ్ళు దాటిన సొంత బండికి ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఉంటుంది. ఆ రోజు మడ్‌గార్డు దాటి జానెడు బయటికొచ్చిన టైర్లతో ఇన్‌స్పెక్టర్ ముందు నిలబడాలి. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్ళకు మనమే సాకు అందించినట్టు.

చిన్నపంక్చర్ (కడప)

1974 అంటే 50 ఏళ్ళు దాటింది కదా సార్, వింటేజ్ నంబరు తీసుకుంటే ఈ గొడవలుండవేమో?

ఆర్‌సీబుక్కు (కడప)

2021లో వచ్చిన వింటేజ్ రూల్స్ ప్రకారం బండి 50 ఏళ్ళు దాటాలి, పైగా అసలు రూపంలో ఉండాలి. డీజిల్ ఇంజిన్ ఎక్కినప్పుడే ఆ దారి మూసుకుపోయింది. వచ్చినా ఏం లాభం, ఆ నంబరుతో రోజువారీగా తిరగనివ్వరు. ప్రదర్శనకు, ర్యాలీకి, రిపేరుకు, ఆయిల్ కొట్టించుకోవడానికి తప్ప పత్తి చేనుకు పోవడానికి కాదు.

బురదరాజా (నంద్యాల)

అన్నా, ఈ లెక్కన జీపుకు దండ వేసి గూట్లో పెట్టుకోవాలి. రోడ్డు మీద ఎన్ని బండ్లు లావు టైర్లతో తిరుగుతున్నాయో లెక్కపెట్టు.

ఆర్‌సీబుక్కు (కడప)

తిరుగుతున్నాయి. దొరికినవాళ్ళు వచ్చి ఇక్కడ రాయరు, అంతే తేడా.

టేపుకొలత (అనంతపురం)

చట్టం పక్కన పెట్టినా లెక్క ఉంది. 6.00-16 ఎత్తు సుమారు 28 అంగుళాలు. 31కి పోతే మీటరు 60 చూపించినప్పుడు నువ్వు 66లో ఉంటావు. బ్రేకు డ్రమ్ము మాత్రం అదే చిన్న డ్రమ్ము, కాలి బలాన్ని పెంచే బూస్టర్ లేదు. టైరు ఎత్తు పదో వంతు పెరిగితే నేల దగ్గర బ్రేకు పట్టు అంతే తగ్గుతుంది. బురదరాజా చెప్పిన ఇంజిన్ అరుపు తగ్గడం నిజమే. కానీ లారీ వెనక ఆగాల్సి వచ్చినప్పుడు ఆ సుఖం గుర్తుకురాదు. ఇంత చేసి నేల నుంచి పెరిగే ఎత్తు ఎంత? ఒకటిన్నర అంగుళం.

నా మాట: 15 అంగుళాల ఇనుప రిమ్ము, వెడల్పు ఆరు, దాని మీద 215/75 ఆర్15 (వెడల్పు 215 మిల్లీమీటర్లు, పక్క ఎత్తు అందులో 75 శాతం, రిమ్ము 15 అంగుళాలు). ఎత్తు 27.7 అంగుళాలు, కంపెనీ ఎత్తుకు దగ్గర. 235/75 అయితే 28.9, అదీ ఫర్వాలేదు, ఆరు అంగుళాల రిమ్ము మీదే కూర్చుంటుంది. 31 పదిన్నరకు కనీసం ఏడు వెడల్పు కావాలి. నీ పాత డిస్కు నాలుగున్నర. దాని మీదే బలవంతంగా ఎక్కిస్తాం అనేవాళ్ళుంటారు, దూరంగా ఉండు.

పెన్నాగట్టు (తాడిపత్రి)

ఎత్తూ కావాలి, సన్నగానూ ఉండాలంటే 7.00-16 అని ఒకటుంది, మర్చిపోకండి. రేగడికి దాన్ని మించింది లేదని నా నమ్మకం. కాస్త వెడల్పు రిమ్ము మాత్రం కావాలి. ఒక్క లోపం దాస్తే పాపం: బరువు బండ్ల కోసం చేసిన టైరు కాబట్టి పక్కలు బిరుసు, ఖాళీ జీపులో నడుము పట్టేస్తుంది. నాది ఎలాగూ పట్టేసిన నడుమే.

చిన్నపంక్చర్ (కడప)

ట్యూబా, ట్యూబ్‌లెస్సా? మా వైపు సర్కారు తుమ్మ ముళ్ళతో చచ్చిపోతున్నాం.

టేపుకొలత (అనంతపురం)

ముళ్ళకు ట్యూబ్‌లెస్సే సుఖం. గాలి మెల్లగా దిగుతుంది, చక్రం విప్పకుండా అక్కడే ప్లగ్ కొట్టుకోవచ్చు. కానీ పాత 16 డిస్కుల మీద ట్యూబ్‌లెస్ వద్దు, టైరు అంచును పట్టి ఉంచే గట్టు వాటికి లేదు. ట్యూబు టైరులో బురద కోసం గాలి బాగా దించితే టైరు రిమ్ము మీద జారి వాల్వు తెగుతుంది. బురదరాజా 15 పౌండ్ల ముచ్చట ట్యూబులకు చెల్లదు. కొనేటప్పుడు టైరు పక్కన నాలుగు అంకెల తేదీ చూడు. 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. పాత జీపు సైజులు షాపుల్లో ఏళ్ళ తరబడి మూలన పడి ఉంటాయి, నల్లగా పాలిష్ కొట్టి ఇస్తారు.

హైహుడ్74 (కర్నూలు)

రెండు వారాల తర్వాత రాస్తున్నా. స్టడ్లు మార్చించాను, ఉల్టా మరవే. బావమరిది ఫ్రెండ్ దగ్గర ఒక 31 చక్రం అడుక్కొచ్చి ముందు కుడివైపు ఎక్కించి చూశాం. నేరుగా నిలబెడితే నిజంగా గుండె జారిపోయింది, అంత బాగుంది. స్టీరింగ్ పూర్తిగా ఎడమకు తిప్పగానే కర్రుమంది. లోపల కమాన్‌కు, ముందు మడ్‌గార్డు అంచుకు రెండు చోట్లా. బావమరిది సుత్తి తెస్తానన్నాడు. మా నాయన అప్పటిదాకా అరుగు మీద పేపరు చదువుతున్నాడు, తలెత్తి ‘ఆ మడ్‌గార్డును ఎవడు ముట్టుకుంటాడో చూస్తా’ అన్నాడు. అక్కడితో 31 కథ అయిపోయింది.

235/75 ఆర్15, ఆరు అంగుళాల ఇనుప రిమ్ములు తీసుకున్నా. తిప్పితే ఎక్కడా రాసుకోవడం లేదు. హైవేలో 60 దగ్గర ప్రశాంతంగా ఉంది. ఇంకా వాన పడలేదు, చేను సంగతి అప్పుడు చెప్తా. పాత 16 డిస్కులు రెండింటికి 6.00 కొత్తవి వేయించి షెడ్డులో పెట్టుకోవాలని కూడా ఉంది.

పెన్నాగట్టు (తాడిపత్రి)

రెండు కాదు, నాలుగూ వేయించు. వానాకాలంలో నువ్వే వెతుక్కుంటావు.

బురదరాజా (నంద్యాల)

235 అంటే అటూ ఇటూ కాని టైరు అన్నా. మంచి వాన పడ్డాక నా జీపు వేసుకుని మీ చేనుకు వస్తా. ఎవరు ఎవర్ని లాగుతారో చూద్దాం.

హైహుడ్74 (కర్నూలు)

రా తమ్ముడూ, తాడు నేను తెస్తా. ఎడమవైపు నట్లు మాత్రం ముట్టుకోకు.