సమస్య: ‘పుట్టి పుట్టని దానికిఁ బొగరు హెచ్చు’

నిర్వాహకుడు:
ఈసారి తేటగీతి పాదం ఇస్తున్నాను. ఇంగ్లీషులో ‘నాసెంట్’ అనే మాట అర్థం పద్యంలో పలకాలి. లాటిన్‌లో పుట్టుకను చెప్పే ధాతువు నుంచి వచ్చిన మాట ఇది. నేచర్, నేషన్ దీని తోబుట్టువులే. కొత్తగా తలెత్తే పరిశ్రమకూ, ప్రజాస్వామ్యానికీ వాడతారు.

మొదటి పూరణ (రసాయనశాస్త్ర అధ్యాపకురాలు):

తుత్తునాగము నామ్లము తొలుతఁ దాక
వెలికి వచ్చు నుదజని దా వేగిరముగ
జంట గట్టక మునుపటి జవముఁ గనుఁడు
పుట్టి పుట్టని దానికిఁ బొగరు హెచ్చు

పాఠ్యపుస్తకాల్లోని ‘నవజాత హైడ్రోజన్’ ఇదేనండీ. పసుపుపచ్చని ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణంలోకి మామూలు హైడ్రోజన్ వాయువును పంపితే రంగు మారదు. అదే ద్రావణంలో జింకు ముక్కలు, సజల ఆమ్లం వేసి చూడండి: పసుపు విరిగి లేత ఆకుపచ్చకు తిరుగుతుంది.

నిర్వాహకుడు:
అమ్మా, చక్కని పూరణ! తు–తొ, వె–వే, జం–జ యతులన్నీ కుదిరాయి. రెండో పాదంలో ‘దా’ గణం కోసం వచ్చినా చెవికి అడ్డు రాలేదు. శాస్త్రం దగ్గర మాత్రం ఒక మాట. ఆ బలం జంట కట్టని పరమాణువులదన్న పాత వివరణను ఇప్పుడు చాలామంది ఒప్పుకోరు. జింకు నేరుగా ఇచ్చే ఎలక్ట్రాన్లే రంగు మారుస్తాయంటారు. అయినా ‘నాసెంట్’కు ఇంతకంటే తగిన వస్తువు నాకు తోచడం లేదు.

రెండో పూరణ (విశ్రాంత అగ్నిమాపక అధికారి):

చిన్న రవ్వని విడిచినఁ జెడును వామి
నీటి చెంబుతో నప్పుడే నిలుపవలయు
గాలి తోడైన మిన్నంటు గడియలోనె
పుట్టి పుట్టని దానికిఁ బొగరు హెచ్చు

అధ్యాపకురాలు:
ఛందస్సు నిర్దోషం, అన్నగారూ. అన్వయమే కుదరలేదు. చెంబు నీళ్లకు ఆగేదానికి పొగరెక్కడిది? గాలి తోడయ్యాక వచ్చిన బలం పుట్టుకతో వచ్చినది కాదు కదా.

నిర్వాహకుడు:
నిజమే. మీరు చెప్పినది ‘ఇన్సిపియెంట్’ దశ. చేతితో పట్టుకునే సాధనంతోనే ఆర్పగలిగే మంటను మీ శాఖలో అలాగే అంటారు. వైద్యులు తొలిదశ శుక్లానికీ ఇదే మాట వాడతారు. ముదరక ముందే పట్టుకోవాలన్న హెచ్చరిక అందులో ఉంది. ‘నాసెంట్’లో ఎదుగుతుందన్న ఆశ ఎక్కువ. మీ వస్తువు వదులుకోవద్దు, మూడో పాదం మార్చి సమస్యను ప్రశ్నగా తిప్పండి:

నెవఁడు చెప్పెను నీతోడ నిట్టి మాట
“పుట్టి పుట్టని దానికిఁ బొగరు హెచ్చు”?

అగ్నిమాపక అధికారి:
ఇప్పుడు చెంబు నీళ్లకు న్యాయం జరిగింది. ఈ పాదంతోనే ఉంచండి.