వాలెన్సియా ఉగాది: వైజాగ్ బ్యాచ్‌లో ఎవరికి ఎంత స్పానిష్ వచ్చు?

సమన్వయం (సీతమ్మధార):
అందరికీ నమస్కారం. 2026 ఉగాది మార్చి 19, గురువారం పడింది. స్పెయిన్‌లోని వాలెన్సియాలో అదే రోజు ఫాయాస్ పండగ ఆఖరి రోజు. వీధుల్లో నిలబెట్టిన పెద్ద పెద్ద బొమ్మల్ని ఆ రాత్రి తగలబెడతారు, రోడ్లు మూసేస్తారు. అందుకే అక్కడి మన సంఘం వాళ్ళు వేడుకని 21, శనివారానికి మార్చారు. తప్పెటగుళ్ళ జట్టుతో వెళ్తున్న మనమంతా హాల్లో పని చేయాలి. చుట్టుపక్కల స్పానిష్ వాళ్ళని కూడా పిలుస్తున్నారట. ఎవరికి ఎంత వచ్చో ఇక్కడ రాయండి, డ్యూటీలు దాన్నిబట్టే వేస్తాను.

గాజువాక:
మనకి ఓలా, గ్రాసియాస్ వచ్చు. ఇంకేటి కావాలి గురూ? టీ కౌంటర్ రాసేయండి.

ఎంవీపీ కాలనీ:
అక్కా, నేను యాప్‌లో రోజూ చేస్తున్నాను, మొదటి సెక్షన్ అయిపోయింది. ఏ2 అని రాసుకోవచ్చా?

సమన్వయం:
వద్దు తల్లీ, ఏ1 అనే రాసుకో. ఏ1 నుంచి సీ2 దాకా ఈ ఆరు మెట్లు యూరప్ కౌన్సిల్ 2001లో ప్రచురించినవి. ఏ1 అంటే ఏమిటో చూడండి: ఎదుటివాళ్ళు నెమ్మదిగా, స్పష్టంగా మాట్లాడి, కాస్త సాయం చేస్తే నెట్టుకు రాగలగడం. అంటే సగం పని ఎదుటివాళ్ళదే! వాళ్ళకి ఆ సంగతి మనం చెప్పకపోతే ఎలా తెలుస్తుంది? అందుకే అందరూ మొదట నేర్చుకోవాల్సింది, మన స్పానిష్ ఎంతో స్పానిష్‌లో చెప్పడం.

'నో ఆబ్లో ఎస్పాన్యోల్' అంటే నాకు స్పానిష్ రాదని. అక్కడితో మాట ఆగిపోతుంది. 'ఆబ్లో ఉన్ పోకో దె ఎస్పాన్యోల్' అంటే కొంచెం వచ్చని. అయితే ఇదొక్కటే బట్టీపట్టి చక్కగా పలికారో, అవతలివాళ్ళు ధైర్యం తెచ్చుకుని గడగడా అందుకుంటారు. కాబట్టి దాని వెనకే 'మాస్ దెస్పాసియో, పోర్ ఫబోర్' తగిలించండి, ఇంకొంచెం నెమ్మదిగా అని. రెండూ ఒకే ఊపిరిలో రావాలి. 'ఎస్తొయ్ అప్రెందియెందో' అన్నా మంచిదే, నేర్చుకుంటున్నాను అని అర్థం.

పెందుర్తి మాస్టారు:
అమ్మా, పెద్దవాళ్ళతో 'మీరు' అనడం ఉందా అందులో?

సమన్వయం:
ఉంది మాస్టారూ. ఇంగ్లీషు వచ్చా అని అడగాలంటే, పెద్దాయనైతే 'ఆబ్లా ఇంగ్లేస్?', కుర్రాడైతే 'ఆబ్లాస్ ఇంగ్లేస్?'. మన క్రియల్లాగే చివరే తేడా, 'నేను', 'మీరు' విడిగా చెప్పక్కర్లేదు. స్పెయిన్‌లో 'నువ్వు'లోకి తొందరగానే దిగిపోతారు, అయినా మనం 'మీరు'తోనే మొదలుపెడదాం. పలకడంలో మనకి కలిసొచ్చేది, వాళ్ళ త, ద మన త, ద లాగే ఉంటాయి. ఇంగ్లీషు అలవాటులో ట, డ అనకండి. 'ఆబ్లో' ముందు హ అక్షరం రాస్తారు కానీ పలకరు.

ఎంవీపీ కాలనీ:
'ఎంతియెందో, పెరో నో ఆబ్లో బియెన్.' అర్థమవుతుంది కానీ బాగా మాట్లాడలేను. కరెక్టేనా అక్కా?

సమన్వయం:
సూపర్. 'పెరో'లో ర మాత్రం తేలిగ్గా అను. గట్టిగా దొర్లిస్తే 'పెర్రో', అంటే కుక్క అయిపోతుంది.

వాలెన్సియా, వంట కమిటీ:
వైజాగ్ వాళ్ళకి ఒక విన్నపం. అర్థం కాకపోయినా 'సీ, సీ' (అవును, అవును) అని తలూపడం మాత్రం వద్దు. పులిహోర దగ్గర 'యెబా కాకావెతెస్?' అని అడుగుతారు, అంటే వేరుశనగలు ఉన్నాయా అని. ఎలర్జీ ఉన్నవాళ్ళతో పరాచికాలు కాదు. యూరోపియన్ యూనియన్ చెప్పి తీరాలన్న 14 ఎలర్జీ పదార్థాల్లో వేరుశనగ, జీడిపప్పు, ఆవాలు, నువ్వులు అన్నీ ఉన్నాయి. అంటే మన తాలింపు మొత్తం ఆ జాబితాలోనే ఉంది! ప్రతి గిన్నె ముందు స్పానిష్‌లో కార్డు పెడతాం. తెలియకపోతే 'నో ఎంతియెందో' అనేసి కార్డు చూపించండి, లేదా మమ్మల్ని పిలవండి. మొహమాటపడొద్దు. ఇంకోటి, బోర్డుల మీద వాలెన్సియన్ భాష కూడా కనిపిస్తుంది, మీరు నేర్చుకున్నది తప్పేమోనని కంగారు పడకండి.

గాజువాక:
అమ్మో, అయితే టీ కౌంటర్ చాలు బాబూ, పులిహోర జోలికి రాను. పాలు, పంచదార అంటే ఏటనాలో కూడా చెప్పండి.

సమన్వయం:
లెచె, అసూకార్. పాలు కూడా ఆ 14లో ఉన్నాయి, తప్పించుకోలేవు. సరే, డ్యూటీలు: గాజువాక టీ దగ్గర, పక్కన అక్కడి వాళ్ళొకరు ఉంటారు. ఎంవీపీ అమ్మాయి గుమ్మం దగ్గర పలకరింపులకి. మాస్టారు కుర్చీలు, పెద్దవాళ్ళ సంగతి. బ్యాడ్జీల మీద పేరు కింద 'ఎస్తొయ్ అప్రెందియెందో ఎస్పాన్యోల్' అని వేయిస్తున్నాం, నోరు తడబడితే వేలితో చూపించండి.

ఆదివారం ఉదయం 7కి ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ ఎదురుగా కలుద్దాం. ఇద్దరిద్దరుగా, ఒకరు గబగబా అడగాలి, రెండోవాళ్ళు ఆపాలి. వాలెన్సియా వాళ్ళతో కాల్ శనివారం రాత్రి 9కి, అక్కడ సాయంత్రం నాలుగున్నర అవుతుంది. బ్యాడ్జీ మీద పేరు ఎలా రాయాలో ఆ కాల్ లోపు పంపండి.