రెండు ఫిలాసఫీ పీహెచ్‌డీ ఆఫర్లు, ఒక వెయిట్‌లిస్ట్: దేన్ని చూసి తేల్చుకోవాలి?

సందేహి:
అమెరికాలో ఫిలాసఫీ పీహెచ్‌డీకి అప్లై చేశాను. నా ఆసక్తి ఎపిస్టమాలజీ, అంటే జ్ఞానం గురించిన తత్త్వశాస్త్రం. ఇప్పటికి చేతిలో ఉన్నవి ఇవి.

ఎ: ర్యాంకుల్లో మధ్యలో ఉండే డిపార్ట్‌మెంట్. ఐదేళ్ల ఫండింగ్, ఏడాదికి 28,000 డాలర్లు. నా విషయంలో పనిచేసేవాళ్లు నలుగురున్నారు.
బి: బాగా పేరున్న డిపార్ట్‌మెంట్. ఐదేళ్లు, ఏడాదికి 36,000 డాలర్లు, కానీ ఖరీదైన నగరం. నా విషయంలో ఒక్క ప్రొఫెసరే ఉన్నారు, ఆయన రిటైర్మెంట్‌కి దగ్గర్లో ఉన్నారు.
సి: వెయిట్‌లిస్ట్. నిజానికి నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

ఇవి కాక బ్రిటన్‌లో ఒక ఏడాది మాస్టర్స్‌లో సీటు వచ్చింది, స్కాలర్‌షిప్ లేదు. ఎ, బిలకు ఏప్రిల్ 15 లోపు చెప్పాలి. స్టైపెండ్, పేరు రెండూ చూసి బి వైపు మొగ్గుతున్నాను. ఇంకేం చూడాలి? సి కోసం ఎన్నాళ్లు ఆగొచ్చు?

పూర్వపక్షం:
ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం. 36,000, 28,000 అనే అంకెలను అలాగే పక్కపక్కన పెట్టి పోల్చకండి. బిలో గది అద్దె నెలకు 1,600 అనుకుంటే ఏడాదికి 19,200 పోయి చేతికి 16,800 మిగులుతుంది. ఎలో అద్దె 750 అనుకుంటే 9,000 పోయి 19,000 మిగులుతుంది. అంటే చిన్న స్టైపెండ్ ఇచ్చేచోటే ఎక్కువ మిగులుతోంది. పన్ను, ఫీజులు ఇంకా తీయనే లేదు. నేను వేసిన అద్దెలు ఊహ మాత్రమే. అసలు అంకెల కోసం యూనివర్సిటీ వెబ్‌సైట్‌లోని అంచనాలు చూడకండి, అక్కడ ఇప్పుడు చదువుతున్న ఇద్దరు ముగ్గురిని ఎంత కడుతున్నారో అడగండి.

తర్వాత రెండు ఆఫర్ లెటర్లనూ వాక్యం వాక్యం చదవండి. స్టైపెండ్ తొమ్మిది నెలలకా, పన్నెండు నెలలకా? వేసవి డబ్బు హామీగా రాశారా, "సాధారణంగా దొరుకుతుంది" అని వదిలేశారా? ట్యూషన్ మాఫీ అయినా స్టూడెంట్ ఫీజులు మీ మీదే పడతాయా? కొన్నిచోట్ల ఇవి ఏడాదికి వెయ్యి డాలర్లు దాటతాయి. హెల్త్ ఇన్సూరెన్స్ ప్రీమియం మొత్తం వాళ్లే కడతారా? ఐదేళ్లలో ఎన్ని సెమిస్టర్లు టీచింగ్ ఉంటుంది, సెమిస్టర్‌కు ఎన్ని సెక్షన్లు, ఎంతమంది విద్యార్థుల పేపర్లు దిద్దాలి? లెటర్‌లో లేనిదేదైనా మాటల్లో చెబితే ఈమెయిల్‌లో రాసి పంపమనండి. అలా అడగడాన్ని ఎవరూ తప్పుగా తీసుకోరు.

ఎక్కువమంది దెబ్బతినేది ఆరో ఏట. ఫిలాసఫీ పీహెచ్‌డీకి ఆరేడేళ్లు పట్టడం మామూలే, హామీ మాత్రం ఐదేళ్లకు. గత నాలుగైదేళ్లలో ఆరో ఏడు చదివినవాళ్లు ఎలా నెట్టుకొచ్చారని అడగండి. అందరికీ టీఏ (టీచింగ్ అసిస్టెంట్) పని దొరికిందా, కొందరికేనా? "తృప్తికరమైన ప్రగతి ఉంటేనే ఫండింగ్" అనే షరతుకు అక్కడ అర్థమేమిటో కూడా తెలుసుకోండి. టర్మ్ పేపర్లు పూర్తి చేయక ఇన్‌కంప్లీట్లు పేరుకుపోవడమే ఫండింగ్‌కు ఎసరు పెట్టేది. తెలివి తక్కువై ఆగిపోయేవాళ్లకంటే ఇలా ఇరుక్కునేవాళ్లే ఎక్కువ.

"తక్కువైతే పార్ట్‌టైమ్ చేసి సర్దుకుంటాను" అనే లెక్క అసలు వేసుకోవద్దు. ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద సెమిస్టర్ నడుస్తుండగా క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. ఆ 20 గంటలూ టీఏ పనికే సరిపోవచ్చు. అనుమతి లేకుండా బయట పని చేస్తే వీసా స్టేటస్‌కే ముప్పు.

వ్యాప్తి:
డబ్బు గురించి పూర్వపక్షం గారు చెప్పారు కాబట్టి నేను ప్లేస్‌మెంట్, గైడ్ ఈ రెండింటి గురించే రాస్తాను.

డిపార్ట్‌మెంట్ ప్లేస్‌మెంట్ పేజీలో ఉద్యోగం వచ్చినవాళ్ల పేర్లుంటాయి. రానివాళ్ల పేర్లు చాలాచోట్ల ఉండవు. అందుకే మొత్తం ఎంతమందిలో అంతమందికి వచ్చిందో మీరే తేల్చుకోవాలి. ఆ యూనివర్సిటీ లైబ్రరీ కేటలాగ్‌లో గానీ, థీసిస్‌లను భద్రపరిచే డేటాబేస్ ప్రోక్వెస్ట్‌లో గానీ గత పదేళ్ల ఫిలాసఫీ థీసిస్‌ల జాబితా తీయండి. ఆ పేర్లను ప్లేస్‌మెంట్ పేజీతో సరిపోల్చండి. థీసిస్ ఉండి పేజీలో లేని పేర్లు ఎన్నో లెక్కపెట్టండి. దొరికినవాళ్లను టెన్యూర్ ట్రాక్ (కొన్నేళ్ల తర్వాత శాశ్వతం కాగల ఉద్యోగం) లేదా శాశ్వత ఉద్యోగం, పోస్ట్‌డాక్, ఏడాది రెండేళ్ల తాత్కాలిక ఉద్యోగం, యూనివర్సిటీ బయటి ఉద్యోగం అని విడదీయండి. చివరగా అందులో ఎపిస్టమాలజీలో థీసిస్ రాసినవాళ్లను మాత్రం వేరుగా చూడండి. రెండు డిపార్ట్‌మెంట్లకూ కలిపి ఒక సాయంత్రం పని, అంతే. ఏటా ఐదుగురు చేరేచోట ఒక్క ఏడాది ఫలితాన్ని పట్టుకుని ఏమీ అనలేం, అందుకే పదేళ్లు తీసుకోమన్నాను. అకడమిక్ ప్లేస్‌మెంట్ డేటా అండ్ అనాలిసిస్ అనే ప్రాజెక్ట్ కూడా ఇలాంటి సమాచారాన్ని డిపార్ట్‌మెంట్లవారీగా సేకరిస్తుంది, అదీ చూడండి. మధ్యలో మానేసినవాళ్లు మాత్రం ఏ జాబితాలోనూ కనబడరు. వాళ్ల గురించి విద్యార్థులనే అడగాలి.

ఇక గైడ్ సంగతి. మొదటి రెండేళ్లు కోర్సులు, ఆ తర్వాత థీసిస్ మొదలుపెట్టే అర్హత కోసం క్వాలిఫయింగ్ పేపర్లు గానీ పరీక్షలు గానీ ఉంటాయి. థీసిస్ పని మొదలయ్యేసరికి మూడో ఏడో నాలుగో ఏడో అవుతుంది. ఇవాళ రిటైర్మెంట్‌కి దగ్గర్లో ఉన్న ప్రొఫెసర్, మీకు నిజంగా అవసరపడే నాటికి అక్కడ ఉంటారా? ఎమెరిటస్ (రిటైరయ్యాక గౌరవ ప్రొఫెసర్) అయినవాళ్లు కమిటీలో కొనసాగే వీలు చాలాచోట్ల ఉంది. కానీ డ్రాఫ్ట్‌కు వెంట వెంట కామెంట్లు రాసి, ఉద్యోగాల వేట నడిచే రెండు మూడేళ్లూ మీ వెనక నిలబడే మనిషి కావాలి కదా. బిలో పీహెచ్‌డీ వ్యవహారాలు చూసే గ్రాడ్యుయేట్ డైరెక్టర్‌కి నేరుగా రాయండి: ఆ ప్రొఫెసర్ కొత్త విద్యార్థులను తీసుకుంటున్నారా, రాబోయే రెండేళ్లలో సెలవులో ఉంటారా, ఆయన వెళ్లిపోతే ఈ విషయంలో ఇంకొకరిని నియమించే ఆలోచన ఉందా అని.

ఇంకో మాట. కోర్సులు చేస్తుండగా ఆసక్తి మారడం చాలా మామూలు. ఎపిస్టమాలజీ అనుకుని చేరి భాషాతత్త్వంలోకో ఎథిక్స్‌లోకో వెళ్లేవాళ్లు ఎందరో. మీ రెండో ఆసక్తిలో ఎవరెవరున్నారో రెండుచోట్లా లెక్కేయండి. పనిచేయగలిగిన ముగ్గురు కనబడని డిపార్ట్‌మెంట్‌కు ఎంత పేరున్నా నేను వెళ్లమని చెప్పను.

హేత్వాభాస:
వ్యాప్తి గారి చివరి వాక్యంతో పూర్తిగా ఏకీభవించలేను. పేరుకు విలువ లేదనుకుంటే సందేహి గారికి నష్టమే. నియామక కమిటీ ముందు వందల దరఖాస్తులుంటాయి. తమకు తెలిసిన తాత్త్వికుల లెటర్లు ఉన్న ఫైళ్ల మీద వాళ్ల చూపు ఎక్కువసేపు నిలుస్తుంది, పరిశోధన యూనివర్సిటీల ఉద్యోగాల్లో మరీనూ. న్యాయమా అంటే కాదు, కానీ జరిగేది అదే. అయితే ఏ పేరు అన్నదే ప్రశ్న. ఫిలాసఫీ డిపార్ట్‌మెంట్లకు ర్యాంకులిచ్చే ఫిలసాఫికల్ గోర్మే రిపోర్ట్‌లో మొత్తం ర్యాంకు కంటే విషయాలవారీ ర్యాంకులు చూడండి. ఎపిస్టమాలజీలో ఎ కంటే బి కిందున్నా ఆశ్చర్యపోను. పైగా అది ఫ్యాకల్టీ జాబితాలు చూసి తాత్త్వికులు ఇచ్చే అభిప్రాయాల సర్వే. ఫండింగ్, బోధన, మానేసినవాళ్ల సంఖ్య దాని లెక్కలోకి రావు. కాంటినెంటల్ (జర్మన్, ఫ్రెంచ్ తాత్త్వికుల) సంప్రదాయంలో పనిచేసే డిపాల్, విల్లనోవా లాంటి డిపార్ట్‌మెంట్ల బలమూ ఆ ర్యాంకుల్లో సరిగా కనబడదు.

విజిట్‌కు పిలిస్తే తప్పక వెళ్లండి. కుదరకపోతే ప్రొఫెసర్లు లేకుండా విద్యార్థులతో మాత్రమే వీడియో కాల్ అడగండి. "ఇక్కడ బాగుందా?" అని అడిగితే బాగుందనే అంటారు. జవాబులో ఒక అంకె గానీ ఒక పని గానీ వచ్చేలా అడగాలి. డ్రాఫ్ట్ ఇచ్చాక కామెంట్లు రావడానికి ఎన్ని రోజులు పడుతోంది? గత ఐదేళ్లలో ఎవరు మానేశారు, ఎందుకు? మీ గైడ్‌ను మార్చుకోవాలంటే ఎవరికి చెప్పాలి? అమ్మాయిలు ఎంతమంది చేరారు, ఎంతమంది పూర్తి చేశారు? ఇవే ప్రశ్నలు ఇద్దరిని విడివిడిగా అడగండి. జవాబులు పొంతన లేకుండా ఉంటే అక్కడ ఇంకా తవ్వాలి.

సందేహి:
అందరికీ ధన్యవాదాలు. థీసిస్‌ల జాబితా ఈ వారమే తీస్తాను. వెయిట్‌లిస్ట్ గురించి, బ్రిటన్ మాస్టర్స్ గురించి కూడా చెప్పగలరా?

పూర్వపక్షం:
ఏప్రిల్ 15 అనేది కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ అనే యూనివర్సిటీల సంఘం తీర్మానం వల్ల వచ్చిన తేదీ. దాని మీద సంతకం చేసిన యూనివర్సిటీలు ఫండింగ్‌తో ఆఫర్ ఇస్తే, ఆ తేదీకి ముందే జవాబివ్వాల్సిన బాధ్యత విద్యార్థికి లేదు. ఎవరైనా మార్చిలోనే తేల్చమని ఒత్తిడి చేస్తే, వాళ్ల పేరు ఆ జాబితాలో ఉందేమో చూసి తీర్మానాన్ని మర్యాదగా గుర్తుచేయండి. బ్రిటన్‌కు ఇది వర్తించదు. అక్కడి గడువులూ డిపాజిట్లూ వేరు.

సి డిపార్ట్‌మెంట్ గ్రాడ్యుయేట్ డైరెక్టర్‌కి ఇవాళే నాలుగైదు వాక్యాల మెయిల్ రాయండి. ఫండింగ్‌తో ఆఫర్ వస్తే చేరతానని రాయొచ్చు, అది నిజమైతేనే. జాబితా వరుస క్రమంలో ఉందా, విషయాన్ని బట్టి పిలుస్తారా అని అడగండి. విషయాన్ని బట్టి అయితే, ఎపిస్టమాలజీ అభ్యర్థి ఎవరైనా తప్పుకుంటేనే మీ వంతు వస్తుంది. ఆ తర్వాత రోజూ మెయిల్స్ పెట్టొద్దు. కదలిక ఎక్కువగా చివరి మూడు నాలుగు రోజుల్లోనే ఉంటుంది. గడువు గంట యూనివర్సిటీ ఉన్నచోటి టైమ్ ప్రకారమా కాదా అన్నది ముందే కనుక్కోండి, చివరి రోజు రాత్రి ఫోన్ దగ్గరే ఉంచుకోండి.

ఎ, బిలలో ఒకటి వద్దని తేలిన రోజే దాన్ని వదిలేయండి. రెండూ పట్టుకుని కూర్చుంటే, ఆ సీటు కోసం మీలాగే ఎదురుచూస్తున్న ఇంకొకరి దారి మూసుకుపోతుంది. సి నుంచి కబురు వచ్చేదాకా చేతిలో ఒక్క ఆఫర్ చాలు.

ఎ వాళ్లను కొంచెం పెంచమని అడగడంలోనూ తప్పులేదు. అసలు స్టైపెండ్‌ను గ్రాడ్యుయేట్ స్కూలో, యూనియన్ ఒప్పందమో నిర్ణయించే చోట అది కదలదు. వేసవి డబ్బు, టీచింగ్ లేని ఇంకో సెమిస్టర్, ఇల్లు మారే ఖర్చు లాంటివి డిపార్ట్‌మెంట్ చేతిలో ఉండొచ్చు. వాటినే అడగండి.

వ్యాప్తి:
ఏడాది మాస్టర్స్‌లో ఉన్న చిక్కు ఇది. కోర్సు సెప్టెంబర్ చివరో అక్టోబర్‌లోనో మొదలవుతుంది. తర్వాతి ఏటి పీహెచ్‌డీ గడువులు డిసెంబర్, జనవరి మొదట్లోనే. అంటే మిమ్మల్ని రెండు మూడు నెలలే చూసిన ప్రొఫెసర్ లెటర్ రాయాలి, అప్లికేషన్‌తో పంపే పేపర్, అంటే కొత్త రైటింగ్ శాంపిల్‌కి టైమే ఉండదు. ఆ డిగ్రీ బలం మీ ఫైల్‌లో కనబడాలంటే మరో ఏడాది ఆగి అప్లై చేయాలి. అందుకే మాస్టర్స్ అయితే రెండేళ్లదే మేలు: ఆక్స్‌ఫర్డ్ బీఫిల్, అమెరికాలో టఫ్ట్స్, జార్జియా స్టేట్, నార్తర్న్ ఇల్లినాయ్, బ్రాండైస్ లాంటివి. వీటిలో కొన్నిచోట్ల ట్యూషన్ మాఫీయో టీఏ పనో దొరుకుతుంది. చేతిలో ఫండింగ్ ఉన్న పీహెచ్‌డీ ఉండగా అప్పు చేసి ఏడాది మాస్టర్స్‌కు వెళ్లడం మీకు అవసరం లేదు.

జిజ్ఞాస:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నేను ఈ డిసెంబర్‌లో అప్లై చేయాలి. ఫైల్‌లో అన్నిటికంటే దేని మీద ఎక్కువ టైమ్ పెట్టాలి?

హేత్వాభాస:
రైటింగ్ శాంపిల్ మీద. మీకున్న టైమ్‌లో సగం పైగా దానికే ఇవ్వండి. రెండు మూడు వందల దరఖాస్తులు వచ్చి ఐదారుగురిని తీసుకునే చోట, మార్కులూ లెటర్లూ బాగున్నవాళ్లే వందమంది ఉంటారు. వాళ్లలో మీరు ఎలా ఆలోచిస్తారో చూపించేది ఆ 15–20 పేజీలే.

ఒకే ప్రశ్న, ఒకే వాదన ఉండాలి. ఫలానా తాత్త్వికుడు ఏమన్నాడో వివరించే సర్వే పేపర్ పనికిరాదు. మాస్టర్స్ థీసిస్‌లోంచి ఒక అధ్యాయం కోసి పంపడం తరచూ జరిగే తప్పు. "ముందు అధ్యాయంలో చూపినట్టు" అన్న వాక్యం దగ్గరే చదివేవాళ్లకు దారి తప్పుతుంది. మొదటి రెండు పేజీల్లోనే మీరు దేన్ని నిరూపించబోతున్నారో, అది ఎవరి వాదనకు ఎక్కడ అడ్డుపడుతుందో తేటగా ఉండాలి, ఎందుకంటే మొదటి వడపోతలో ఎక్కువమంది చదివేది అంతవరకే. మీ వాదనకు ఎదురయ్యే అతి బలమైన ఆక్షేపణను మీరే ఎత్తి, దానికి రెండు మూడు పేజీలు ఇవ్వండి. తేలికగా పడగొట్టేయగల ఆక్షేపణను నిలబెడితే చదివేవాళ్లు వెంటనే పసిగడతారు. పరిమితి 20 పేజీలంటే 26 పంపొద్దు. పరిమితులు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి కాబట్టి పొడవుదొకటి, 12 పేజీలదొకటి రెండు రూపాలు సిద్ధం చేసుకోండి.

లెటర్లు రాసేవాళ్లకు రెండు నెలల ముందే చెప్పండి. శాంపిల్, మార్కుల జాబితా, గడువుల పట్టిక ఒకే మెయిల్‌లో పంపండి. మీ పేపర్ గురించి వివరంగా రాయగల లెక్చరర్ లెటర్, మీ ముఖం గుర్తులేని పెద్ద ప్రొఫెసర్ లెటర్ కంటే నయం.

స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌కి ఒకటిన్నర పేజీ చాలు. చిన్నప్పుడు నక్షత్రాలను చూసి కలిగిన ప్రశ్నలు వద్దు. ఏ సమస్యల మీద పనిచేయాలనుకుంటున్నారో, ఇప్పటిదాకా ఏం చేశారో, ఆ డిపార్ట్‌మెంట్‌లో ఎవరితో ఎందుకో రాయండి. పేర్లు రాసేముందు వాళ్లు రిటైర్ కాలేదని, వేరేచోటికి మారలేదని చూసుకోండి. డిపార్ట్‌మెంట్ కూడా సరైనదేనా చూసుకోండి: పిట్స్‌బర్గ్‌లో ఫిలాసఫీ వేరు, హిస్టరీ అండ్ ఫిలాసఫీ ఆఫ్ సైన్స్ వేరు. కాలిఫోర్నియా యూనివర్సిటీ అర్వైన్‌లో లాజిక్ అండ్ ఫిలాసఫీ ఆఫ్ సైన్స్‌ది వేరే డిపార్ట్‌మెంట్, వేరే అప్లికేషన్.

జీఆర్‌ఈని చాలా డిపార్ట్‌మెంట్లు తీసేశాయి, ప్రతిచోటా పేజీ చూసి నిర్ధారించుకోండి. ఫీజు మాఫీకి అప్లికేషన్ పంపేముందే అడగాలి, కట్టాక అడిగితే సాధారణంగా తిరిగివ్వరు.