ఉపరాష్ట్రపతి ఎన్నికలో ఎమ్మెల్యేలకు ఓటు ఎందుకు లేదు?

నర్సంపేట_పోరడు:
మొన్న సొసైటీ దగ్గర యూరియా లైన్లో పెద్ద పంచాయితీ అయింది. యూరియా కొరతకు నిరసనగా బీఆర్ఎస్ వాళ్లు ఉపరాష్ట్రపతి ఎన్నికకు దూరంగా ఉన్నారు కదా. "మరి మన ఎమ్మెల్యే ఎవలకు వేసిండు?" అని మా బాపు అడిగాడు. ఎమ్మెల్యేలకు ఓటే లేదంటే లైన్లో ఒక్కరూ నమ్మలేదు. రాష్ట్రపతికి వేసేటోళ్లు ఉపరాష్ట్రపతికి ఎందుకు వేయరని నన్నే నిలదీశారు. నిజంగా ఎందుకు లేదు? ఇంకోటి, 2025 జులైలో ఉపరాష్ట్రపతి ధన్‌ఖడ్ రాజీనామా చేశాక కుర్చీ సెప్టెంబరు దాకా ఖాళీగానే ఉంది, ఏ పనీ ఆగలేదు. అసలా పదవికి పనేంటి?

హన్మకొండ_వకీల్:
మీరు చెప్పిందే కరెక్ట్ తమ్మీ. రాష్ట్రపతి అధికారం రాష్ట్రాలకూ వర్తిస్తుంది కాబట్టి ఆ ఎన్నికలో ఎమ్మెల్యేలకు ఓటుంది. 2022లో మన తెలంగాణ ఎమ్మెల్యే ఓటు విలువ 132. ఉపరాష్ట్రపతి రోజువారీ పని మాత్రం ఒక్కటే, రాజ్యసభను నడపడం. అది పార్లమెంటు ఇంటి వ్యవహారం, అసెంబ్లీలకు సంబంధం లేదు. రాజ్యాంగ సభలో అంబేడ్కర్ ఇచ్చిన వివరణ కూడా ఇదే. అందుకే ఇక్కడ రెండు సభల ఎంపీలే ఓటర్లు, అందరి ఓటు విలువా సమానమే, ఒక్కొక్కరిది 1. రాష్ట్రపతి ఎన్నికలో ఓటు లేని నామినేటెడ్ (ఎన్నిక లేకుండా నియమించిన) సభ్యులకు కూడా ఇందులో ఉంది. అంటే ఇళయరాజా, విజయేంద్రప్రసాద్ వేయొచ్చు, మన ఎమ్మెల్యే వేయలేడు!

జీతం చూస్తే ఇంకా తెలుస్తుంది. నెలకు 4 లక్షలు. అది రాజ్యసభ ఛైర్మన్‌గా ఇచ్చేది. ఉపరాష్ట్రపతి అన్న హోదాకు విడిగా జీతమే లేదు. తాత్కాలిక రాష్ట్రపతిగా ఉన్నన్నాళ్లు ఛైర్మన్ పనీ చేయడు, ఆ జీతమూ తీసుకోడు.

అలాగని ఉత్త కుర్చీ అనుకోకండి. ఫిరాయించిన రాజ్యసభ ఎంపీని అనర్హుడిగా తేల్చేది ఆయనే. సభలో ఓట్లు సమానమైతే ఆయన ఓటే తేలుస్తుంది, మామూలుగా మాత్రం ఓటు వేయడు. ఆయన లేనప్పుడు డిప్యూటీ ఛైర్మన్ నడిపిస్తాడు. అందుకే మొన్న మీకేదీ ఆగినట్టు అనిపించలేదు. 2014 ఫిబ్రవరి 20న తెలంగాణ బిల్లు రాజ్యసభలో పాసైనప్పుడు టీవీ ముందు కూర్చున్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ గోలలో కుర్చీలో ఉన్నది డిప్యూటీ ఛైర్మన్ కురియన్.

నర్సంపేట_పోరడు:
థాంక్స్ అన్నా. మరి బీఆర్ఎస్ వాళ్లు వేయకపోవడం వల్ల లెక్కేమన్నా మారిందా?

గ్రూప్స్_కిషన్‌పుర:
లేదు బ్రో. అప్పుడు లోక్‌సభలో వాళ్లకు ఒక్కరూ లేరు, రాజ్యసభలో నలుగురు ఉన్నారు. మొత్తం 781 మందిలో 767 మంది వేశారు. అందులో 15 చెల్లలేదు, మిగిలినవి 752. గెలవడానికి చెల్లిన ఓట్లలో సగం కన్నా ఎక్కువ రావాలి, అంటే 377. గెలిచిన రాధాకృష్ణన్‌కు 452, ఆయన మీద పోటీ చేసిన మన సుదర్శన్ రెడ్డి గారికి 300. తేడానే 152, నలుగురితో ఏమవుతుంది. ఈ రాధాకృష్ణన్ 2024లో కొన్ని నెలలు మనకు ఇన్‌ఛార్జి గవర్నర్‌గా ఉన్నాయనే.

నాకు నవ్వొచ్చింది ఆ 15 దగ్గర. మన వరంగల్–ఖమ్మం–నల్గొండ పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలో లాగానే అభ్యర్థి పేరు ఎదురుగా 1, 2 అని అంకెలు వేయాలి, అదీ వాళ్లిచ్చిన పెన్నుతోనే. మన దగ్గర డిగ్రీ చదివినోళ్ల ఓట్లు వేలల్లో మురిగిపోతే తిట్టుకుంటాం. అక్కడున్నది ఇద్దరే అభ్యర్థులు, వేసేది ఎంపీలు! విప్ (ఇలాగే వేయాలన్న పార్టీ ఆదేశం) ఉండదు, రహస్య ఓటింగ్ కాబట్టి ఎవరు తప్పు వేశారో, ఎవరు కావాలనే చెడగొట్టారో తేలదు.

నర్సంపేట_పోరడు:
ఆఖరిది. రాష్ట్రపతి, ఉపరాష్ట్రపతి ఇద్దరూ లేకపోతే?

హన్మకొండ_వకీల్:
అదీ జరిగింది. 1969 మే 3న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ (పుట్టింది మన హైదరాబాద్‌లోనే) పదవిలో ఉండగా చనిపోయారు. ఉపరాష్ట్రపతి వి.వి. గిరి ఆ బాధ్యతలు తీసుకున్నారు. అలా ఇద్దరూ లేని రోజు వస్తే ఎవరు చూడాలో రాజ్యాంగంలో రాసి లేదు, పార్లమెంటుకు వదిలేశారు. దాంతో అదే ఏడాది చట్టం చేశారు: అలాంటప్పుడు సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి చూసుకోవాలని. వెంటనే దాని అవసరమూ పడింది. గిరి స్వతంత్రుడిగా రాష్ట్రపతి పోటీకి దిగుతూ జులై 20న రాజీనామా చేశారు. ఆగస్టు 24న ఆయనే గెలిచి వచ్చేదాకా ప్రధాన న్యాయమూర్తి హిదాయతుల్లా రాష్ట్రపతి బాధ్యతలు చూశారు. పదేళ్ల తర్వాత, 1979లో, ఆయన ఉపరాష్ట్రపతి కూడా అయ్యారు, పోటీయే లేకుండా.

ఇంకో సంగతి. ఉపరాష్ట్రపతి మధ్యలో దిగిపోతే కొత్తాయనకు మిగిలిన కాలమే కాదు, పూర్తిగా అయిదేళ్లు వస్తుంది. అంటే ఇప్పటాయన మధ్యలో దిగకపోతే 2030 సెప్టెంబరు దాకా ఉంటాడు.